మంగళవారం సెలవు

మేడిగుంటపాలెం,
24 జనవరి 2024.

ఒరేయ్ నాగేంద్రం,

ఇక్కడ నా మోకాళ్ళు తప్ప మిగతావన్నీ బాగానే ఉన్నాయి. ఒంగోల్లో నువ్వు, మరదలు, మీ ఇంటినిండా పేర్చిన పుస్తకాలు క్షేమమనుకుంటాను. ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేంటని విసుక్కోకు. అమ్మ సంవత్సరీకం పెడదామన్నందుకు నువ్వు ఫోన్లో అరిచిన రోజే అనుకున్నాను, ఇక నీకేదన్నా చెప్పాలంటే కాగితం మీదే చెప్పాలని. కాగితం మీదైతే నా మాట అయిపోయేదాకా నువ్వు అడ్డం రాలేవు.

మిరప ఈ ఏడు ఫర్వాలేదు. నల్లతామర పురుగు కనిపించింది గానీ పేరయ్య ఆదివారం ఆదివారం మందు కొడుతున్నాడు. ఆ రోజు కోత ముఠా చర్చికి పోతుంది, చేను ఖాళీగా ఉంటుంది. మీ బావ పోయాక చేలో పనంతా పేరయ్యదే గదా, నేను వారానికోసారి ఆటోలో పోయి గట్టు మీద కూర్చుని రావడమే. కాయ ఎర్రగా పండి ఉంది. ఇప్పుడు కొయ్యకపోతే రంగు పోయి తాలవుతుంది.

వచ్చిన చిక్కు ఇది. కోతకొచ్చేది పేటలో ఆడవాళ్ళు పన్నెండుమంది. వాళ్ళకి మేస్త్రి శాంతి. ఆటో తోలే ఇమ్మానియేలు భార్య, నువ్వు చూశావు, గలగలా మాట్లాడే పిల్ల. ఈ నెల రెండో తారీకున ఇద్దరికి వాంతులు. తొమ్మిదిన ముగ్గురికి. పదహారున కనుమ, పని లేదు. నిన్న ఇరవైమూడున నలుగురికి. కడుపులో మెలి, నోట్లో నీళ్ళూరడం, కళ్ళు మసకలు. అన్నీ మంగళవారాలే. తెల్లారేసరికి లేచి తిరుగుతున్నారు.

రాత్రి శాంతి మన గుమ్మంలోకొచ్చి నిలబడింది. "అమ్మగారూ, మంగళవారం ఆ చేలో దిగమండి. డ్రిప్పు పైపులేసేటప్పుడు బోరు దగ్గర పోలేరమ్మ రాయి కదిపారంట. అమ్మవారు కోపంగా ఉంది. ఆ రోజు సెలవిప్పించండి, శనివారం పొద్దుగూకిందాకా కోసి సరిపెడతాం" అంది. పేరయ్య పక్కనుంచి "నేను చెప్పలా అమ్మా!" అన్నాడు. సరేనన్నాను. వచ్చే మంగళవారం నుంచి సెలవు. ఓ పొంగలి కూడా పెడదామనుకుంటున్నాను. సగం చేను నీ పేరున ఉంది కాబట్టి నీ చెవిన వేస్తున్నా.

తిట్టు, కాకపోతే పూర్తిగా చదివాక తిట్టు.

నీ అక్క
కోటిరత్నం


ఒంగోలు,
29 జనవరి 2024.

అక్కా,

పూర్తిగా చదివే తిడుతున్నాను. ఒకసారి కాదు, రెండుసార్లు చదివాను. రెండోసారి చదివింది కోపంతో కాదు, సిగ్గుతో.

ఇరవయ్యారేళ్ళు కాలేజీలో ఫిజిక్సు చెప్పాను. పదిహేనేళ్ళుగా చేతి చమురు వదిలించుకుని పత్రిక నడుపుతున్నాను. దెయ్యాలు లేవని, బాణామతి లేదని, ముహూర్తాలు బొంకని ఈ రెండు జిల్లాల్లో నేనెక్కని వేదిక లేదు. అలాంటివాడి సొంత చేలో మంగళవారం పోలేరమ్మ అలిగిందని సెలవా? ఏ మొహం పెట్టుకుని రేపు జనం ముందు నిలబడను?

సరిగ్గా ఆలోచించడం గొప్ప విద్యేం కాదక్కా. వారాలు మనం పెట్టుకున్న పేర్లు. కడుపుకి క్యాలెండరు తెలియదు. మూడు మంగళవారాలు కుదిరాయంటావు. నేను గడ్డం గీసుకుంటుంటే మొన్న వరసగా మూడుసార్లు కరెంటు పోయింది. అంటే కరెంటాఫీసుకి నా గడ్డం మీద కక్షా? జరిగిందేంటో నేను చెబుతాను విను. పండగకి చేసిన పిండివంటలు పాచిపోయినవి తిని ఉంటారు. పొద్దున ఏమీ తినకుండా ఎండలో నడుం వంచి కోస్తే ఎవరికైనా కళ్ళు తిరుగుతాయి. ఒకామె కక్కుకుంటే పక్కామెకి వికారం. అది చూసి మూడో ఆమెకి భయం. ఇంతే. మధ్యలో ఈ రాయెందుకు?

ఇంకో మాట. నీ సెలవు వల్ల నష్టమెవరికి? నీకూ నాకూ కాదు. ఆ పన్నెండుమందికి వారానికో కూలి పోతుంది. మూఢనమ్మకం ఎప్పుడూ లేనివాడి కంచంలోనే చెయ్యి పెడుతుంది. నేను మాట్లాడేది వాళ్ళ తరఫున. ఇన్నాళ్ళూ మాట్లాడిందీ వాళ్ళ తరఫునే.

కాబట్టి పొంగలీ వద్దు, సెలవూ వద్దు. వరసగా మూడు మంగళవారాలు కోత పెట్టించు. ఏమీ జరగదు. అప్పుడు వాళ్ళకే తెలిసొస్తుంది. నా సగం చేలో దేవతలకి కౌలు లేదని పేరయ్యకి చెప్పు.

మోకాళ్ళకి నువ్వు రాసుకునే ఆ పసరు మానేసి డాక్టరుకి చూపించుకో.

తమ్ముడు
నాగేంద్రబాబు


మేడిగుంటపాలెం,
5 ఫిబ్రవరి.

నాగేంద్రం,

నీ ఉత్తరం అందింది. అది అందేలోపే మొన్న ముప్పయ్యో తారీకు సెలవిచ్చేశాను. ఎవరికీ ఏమీ కాలేదు. బుధవారం వచ్చి నవ్వుకుంటూ కోశారు.

నాలుగు పేజీలు రాశావు గదరా, అందులో నన్నడిగిన ప్రశ్నలన్నీ నీ మొహం గురించే. వాళ్ళ కడుపు గురించి ఒక్కటి లేదు. మా ఆర్ఎంపీ నాగులు ఐదో తరగతి తప్పినవాడు, వాడు కూడా "ఏం తిన్నావమ్మా, ఎప్పటినుంచి?" అని అడిగాకే సూది తీస్తాడు. నువ్వు ఒంగోల్లో కూర్చుని పిండివంటలన్నావు. రెండో తారీకుకి పండగే రాలేదు. ఎండన్నావు. సోమవారం ఎండ లేదా? భయమన్నావు. మొదటిసారి పడ్డవాళ్ళకి ఏం చూసి భయం?

నేను చదివింది తొమ్మిదో తరగతి. నాకు తెలిసిన లెక్క వంటింటి లెక్క. రోజూ పులిసే ఇడ్లీ పిండి ఒకరోజు పులవకపోతే, మినప్పప్పు మారిందా, నీళ్ళు మారాయా, గిన్నె మారిందా అని చూస్తాను. మంగళవారం ఏదో మారుతోంది. అదేంటో నాకు అందలా. చేలోకి దిగి చూద్దామంటే ఈ మోకాళ్ళు గట్టు దిగనివ్వవు. అందేదాకా సెలవుండనీ. దానివల్ల కొంపలేం మునగవు. వాళ్ళు శనివారం పొద్దుగూకిందాకా కోసి పని సరిపెట్టారు, కూలి కూడా పోలేదు.

అమ్మవారంటే నీకున్నంత కోపం నాకు లేదు. పేరయ్యకున్నంత నమ్మకమూ లేదు. పొంగలి మానేశాను, అది నీ కోసం. సెలవు మాత్రం వాళ్ళ కోసం.

వెనకింటి సిద్దికా కూతురికి కాన్పయింది, ఆడపిల్ల. మరదలికి చెప్పు, ఇద్దరూ ఒక బడి గదా.

అక్క


ఒంగోలు,
8 ఫిబ్రవరి.

అక్కా,

ఇడ్లీ పిండితో ప్రపంచాన్ని కొలుస్తానంటే నేనేం చెప్పను! ముప్పయ్యో తారీకు సెలవిచ్చావు, ఏమీ కాలేదు, కాబట్టి సెలవే కాపాడిందంటావు. తాయెత్తు కట్టుకున్నవాడూ ఇదే చెబుతాడు: కట్టుకున్నాను, పాము కరవలేదని. కట్టుకోనివాణ్ణీ కరవలేదని వాడికి గుర్తుండదు.

కారణం దొరికేదాకా సెలవుండనీ అన్నావు. వినడానికి పెద్దమనిషి మాటలాగే ఉంటుంది. కానీ ఈ దేశంలో ప్రతి చెత్తా ఆ సందులోంచే లోపలికొచ్చింది. "తెలిసేదాకా ఉండనీ." తెలుసుకునే రోజు రాదు, ఆచారం మాత్రం ఉండిపోతుంది. ఇప్పుడు మంగళవారం, రేపు అమావాస్య, ఆ పైన ముట్టైన ఆడది చేలోకి రాకూడదంటారు. నాకు తెలియదా ఈ వరస?

వచ్చే నెల సత్తెనపల్లిలో నా ఉపన్యాసం ఉంది. పేరు 'మెదడుకి సెలవు లేదు'. సభలో ఎవడో ఒకడు లేచి, "అయ్యా, మరి మీ చేలో మంగళవారం మాటేంటి?" అంటే నా దగ్గర జవాబు లేదు. నవ్వులాట అనుకోకు. నా పదిహేనేళ్ళ పని మీద ఉమ్మేసినట్టు.

బావ పోయాక చేను నీ చేతుల్లో పెట్టాను. ఎంత పండిందని గానీ, ఎంతకమ్మావని గానీ ఎన్నడూ అడగలేదు. ఈ ఒక్కటి అడుగుతున్నాను, సగం హక్కుదారుగా అడుగుతున్నాను. పదమూడో తారీకు మంగళవారం కోత జరగాలి. ఈ ఉత్తరం ముఠాకి చదివి వినిపించు. నా మాటగా చెప్పు: మంగళవారం రానివాళ్ళు బుధవారం కూడా రానక్కర్లేదు. కటువుగానే ఉంది. పసిబిడ్డకి చేదుమందు పోసేటప్పుడు ముక్కు మూస్తాం గదా, అలాగే అనుకో.

నాగేంద్రబాబు


ఒంగోలు,
14 ఫిబ్రవరి.

అక్కా,

కార్డే రాస్తున్నాను, పత్రిక పనిలో తలమునకలుగా ఉన్నాను. నిన్న మంగళవారం గడిచింది. ఆకాశం విరిగి పడిందా? పోలేరమ్మ పళ్ళు నూరిందా? నిజం చెప్పు, సాయంత్రానికి నీకే నవ్వొచ్చుంటుంది. ఈ సంగతి మొత్తం పేర్లు మార్చి పత్రికలో రాస్తాను. శాంతి అని నువ్వు చెప్పిన ఆ మేస్త్రమ్మని అడిగి, ఇప్పుడేమంటుందో ఆవిడ మాటల్లోనే రాసి పంపు.

తమ్ముడు


మేడిగుంటపాలెం,
18 ఫిబ్రవరి.

నాగేంద్రబాబుకి,

శాంతి ఏమంటుందో రాసి పంపమన్నావు. శాంతి చచ్చిపోయింది. పదమూడున చేలో పడింది, పదహారు పొద్దున గుంటూరు ఆసుపత్రిలో పోయింది. నిన్న మట్టి చేశారు. నీ కార్డు కూడా నిన్ననే వచ్చింది. పేట నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే పోస్టుమాన్ చేతికిచ్చాడు. తడి చేత్తోనే చదివాను.

ఫోన్ చేసి నీకు చెప్పమని సిద్దికా అంటూనే ఉంది. నేనే వద్దన్నాను. ఫోన్లో అయితే నువ్వేదో అంటావు, నేను ఏడుస్తాను, అక్కడితో అయిపోతుంది. ఇది అలా అయిపోకూడదు. వరసగా రాస్తాను, వరసగా చదువు.

సోమవారం నీ ఉత్తరం తీసుకుని గట్టు మీదికి పోయాను. చెప్పినట్టే చదివాను. బుధవారం రానక్కర్లేదన్న ముక్క కూడా వదలకుండా చదివాను. పన్నెండుమందీ శాంతి మొహం చూశారు. శాంతి నన్ను చూసి, "అయ్యగారికి పోలేరమ్మంటే భయం లేదాండీ?" అంది. లేదమ్మా అన్నాను. "అయితే ఇంకేం చెప్పాలో మాకు తెలవదండి" అని గంప ఎత్తుకుని సాల్లోకి పోయింది.

మంగళవారం పొద్దున ఆటోల దగ్గర మొగుడూ పెళ్ళాలు గొడవపడ్డారు. వీధంతా విన్నది. "వద్దంటే వినవే నువ్వు!" అని వాడు. "పోకపోతే రేపటినుంచి పనెవడిస్తాడు? నువ్విస్తావా?" అని ఆమె. పన్నెండింటికి పేరయ్య ఫోన్ చేశాడు, మేస్త్రమ్మ పడిపోయింది, నోట్లోంచి నురగొస్తోందని. ఇమ్మానియేలే తన ఆటోలో వేసుకుపోయాడు. ఆసుపత్రిలో, పురుగుమందు లోపలికి పోయిందన్నారు. ఎక్కడ తాగిందన్నారు. ఎవరికీ తెలియదు. స్టేషన్లో మాత్రం తెలిసిపోయింది. పొద్దున గొడవ, మధ్యాహ్నం మందు, అంతే. భర్త వేధింపులకి మందు తాగిందని రాసుకున్నారు. మట్టి చేసిన చేతులతోనే ఇమ్మానియేలుని తీసుకుపోయారు. రాత్రికి పంపి ఇవాళ పొద్దున్నే మళ్ళీ పిలిచారు, రెండ్రోజుల్లో రిమాండంటున్నారు. ఎనిమిదో తరగతి చదివే శాంతి కూతురు షారోన్ బడి మాని వాళ్ళ అమ్మమ్మ దగ్గర కూర్చుని ఉంది.

ఊళ్ళో సగంమంది మొగుడే చంపాడంటున్నారు. సగంమంది అమ్మవారు పట్టిందంటున్నారు. రెండూ మనకి సుఖమైన మాటలేరా, గమనించావా? ఏదన్నా నీ మీదికీ నా మీదికీ రాదు.

నిన్న రాత్రంతా ఒకటే ఆలోచించాను. వాళ్ళకి చేను లేదు. ఇంట్లో పురుగుమందెందుకుంటుంది? ఉంటే మన చేలోనే ఉండాలి. ఇవాళ పొద్దున సిద్దికా కొడుకు వాసిం చెయ్యి పట్టుకుని గట్టు దిగాను. బోరు దాకా కూర్చుంటూ లేస్తూ పోయాను. అక్కడ పేరయ్యతో మాట్లాడింది మాట పొల్లుపోకుండా రాస్తున్నాను.

"రోజూ వీళ్ళు తాగే నీళ్ళెక్కడివి పేరయ్యా?"

"వాటర్ ప్లాంటు జాన్ బాషా ఆటోలో టిన్నులొస్తాయి గదమ్మా."

"మంగళవారం?"

"మంగళవారం ఆయన ప్లాంటు కడుక్కుంటాడు, ఆటో రాదు. నేనే బోరు నీళ్ళు పట్టి పెడతాను."

"దేంట్లో?"

వాడు బోరు పక్కకి చూశాడు. నీలం డ్రమ్ము అక్కడే ఉంది.

"ఆదివారం మందు దేంట్లో కలుపుతున్నావు?"

"దాంట్లోనేనమ్మా. కానీ రెండుసార్లు కడుగుతానమ్మా, మా అమ్మ మీదొట్టు. మొన్న మంగళవారం పొద్దున కరెంటు లేదు. పది దాటాక వచ్చింది. వీళ్ళు దాహమంటున్నారు. కడక్కుండానే పట్టేశాను. పైన తెల్లగా తెట్టు కట్టిందంట, నేను చూళ్ళేదు. శాంతి జగ్గుతో ముందు తను తాగింది. ఆమె పడటం చూసి మిగతావాళ్ళు తాగలా."

తర్వాత నా కాళ్ళు పట్టుకున్నాడు. "ఈ మాట బయటికి రానియ్యకండమ్మా, అందరూ అమ్మవారనే అనుకుంటున్నారు గదా" అన్నాడు.

మంగళవారం ఏం మారిందో ఇప్పుడు నాకు తెలిసింది. నీళ్ళు మారాయి. వంటింట్లో నేను రెండోదిగా అడిగే ప్రశ్న అది. గట్టు మీద కూర్చునే అడగొచ్చు, మోకాళ్ళతో పనే లేదు. అడగలేదు. నా పాపం నాది. కానీ నువ్వు వాళ్ళు చెప్పిన కారణం అబద్ధమని, వాళ్ళ కంటికి కనపడింది కూడా అబద్ధమే అనుకున్నావు. కారణం తప్పు కావచ్చురా. మంగళవారం వాంతులైన మాట తప్పెట్లా అవుతుంది?

ఈ వారంలో రా. ఇద్దరం స్టేషన్‌కి పోదాం. డ్రమ్ము మాది, చేను మాది, మంగళవారం రాకపోతే పని లేదని బెదిరించింది మేమని చెబుదాం. ఇమ్మానియేలుని విడిపించడానికి ఇంకో దారి లేదు. శాంతిని ఎటూ తేలేం.

కోటిరత్నం


ఒంగోలు,
24 ఫిబ్రవరి.

అక్కా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. మీ మరదలు నన్ను చూసి భయపడింది. ఒక శ్రామిక స్త్రీ మరణించింది. నా బాధ నీకు చెప్పి నమ్మించాల్సిన పని లేదనుకుంటాను.

అయితే దుఃఖంలో ఉన్నప్పుడే మనిషి తొందరపడి తీర్మానాలు చేస్తాడు. నిదానంగా చూద్దాం. డ్రమ్ములో నీళ్ళు తాగింది, పడిపోయింది. ఒకదాని తర్వాత ఒకటి జరిగినంత మాత్రాన మొదటిది రెండోదానికి కారణమని తేలదు. ఆ నీళ్ళు ఎవరైనా పరీక్షించారా? లేదు. డ్రమ్మిప్పుడు కడిగేసే ఉంటాడు. మిగిలింది పేరయ్య మాట. కాళ్ళు పట్టుకుని ఏడుస్తూ చెప్పిన మాటకి సాక్ష్యంగా ఎంత విలువ? పైగా డ్రమ్ములో పట్టమని నువ్వు చెప్పావా, నేను చెప్పానా? చట్టం ముందు కలిపినవాడు బాధ్యుడు. ఒక లాయరుతో మాట్లాడాను, ఆయనా అదే అన్నాడు. పేరయ్యే వెళ్ళి చెప్పుకుంటే సబబుగా ఉంటుంది. జీతగాడని ఉదారంగా చూస్తారు కూడా.

ఇంకోటి ఆలోచించు. ఇది మన ఇద్దరి విషయం కాదు. విషాన్ని అంగడిలో పెట్టి అమ్మేది ఎవరు? చదువురాని కూలీకి డబ్బా మీద అక్షరాలు చీమ తలకాయంత అచ్చువేసేది ఎవరు? పనిచేసే చోట తాగునీళ్ళుండాలన్న చట్టాన్ని అటకెక్కించింది ఎవరు? అసలు దోషి వ్యవస్థ. కోటిరత్నమో నాగేంద్రబాబో దోషులని రాసుకుంటే ఆ వ్యవస్థ చేతులు దులుపుకుని పోతుంది. మార్చి సంచిక మొత్తం శాంతికి అంకితం చేస్తున్నాను. ముఖచిత్రం కూడా వేయిస్తున్నాను. ఆమె ఫోటో ఉంటే పంపు.

ఇక నా పేరు ఈ కేసులో వస్తే ఏమవుతుందో నీకు తెలియదు. పదిహేనేళ్ళుగా నన్ను పడగొట్టడానికి కాచుకుని కూర్చున్న బాబాల భక్తులు, "చూశారా, అమ్మవారిని కాదన్నవాడు మనిషిని పొట్టన పెట్టుకున్నాడు" అని ఊరూరా చెబుతారు. రేపు ఇంకో ఊళ్ళో ఇంకో ఆడదాన్ని మంత్రగత్తె అని కొడుతుంటే అడ్డం పడటానికి ఎవరుంటారు? నా గురించి కాదు నేను చెప్పేది, ఉద్యమం గురించి.

సత్తెనపల్లి సభ వాయిదా వేయించాను. ఇమ్మానియేలుకి లాయరు ఖర్చేమైనా ఉంటే నేను చూసుకుంటాను. కానీ నువ్వు మాత్రం స్టేషన్ గడప తొక్కకు. నా ఉత్తరాలు నీ దగ్గరున్నాయి. అవి ఎవరికీ చూపించొద్దు. నేను దేనికన్నానో తెలియనివాళ్ళు చదివితే ఇంకోలా అర్థమవుతాయి.

నాగేంద్రం


మేడిగుంటపాలెం,
2 మార్చి.

నాగేంద్రబాబూ,

నీ ఉత్తరం మొన్న సోమవారం వచ్చింది. అంతకు మూడు రోజుల ముందే ఇమ్మానియేలుని రిమాండు చెయ్యబోయి, కాగితమేదో సరిగా లేదని ఇంటికి పంపారు. మళ్ళీ పిలుస్తారన్నారు. ఆ సందులో నేను పేటకి పోయాను.

ఇంటి ముందు ఆటో కింద పడుకుని ఏదో బిగిస్తున్నాడు. నన్ను చూసి లేచి కుర్చీ తెచ్చి వేశాడు. కూర్చోలేకపోయాను. డ్రమ్ము సంగతి, నా సంగతి, నీ సంగతి మొత్తం చెప్పాను. వింటూ చేతుల గ్రీజు తుడుచుకున్నాడు. ఏడుస్తాడనుకున్నా, తిడతాడనుకున్నా. రెండూ చెయ్యలేదు.

"మాకు తెలుసమ్మా" అన్నాడు.

ఏం తెలుసయ్యా అన్నాను.

"నీళ్ళ సంగతి. జనవరిలో మొదటిసారి కక్కుకున్న రోజే తెలుసు. ఎంత కడిగినా మందువాసన దాగుద్దా? ఏడేళ్ళప్పటినుంచి ఈ చేలల్లో తిరిగే మనుషులకి తెలవదా? అయినా దాహానికి ఆగలేనోళ్ళు తాగేవాళ్ళు."

"మరి నీళ్ళు బాగాలేవని చెప్పొచ్చుగా! ఆ దేవత గొడవెందుకు?"

అప్పుడు నా మొహంలోకి చూశాడు. "పోయినేడు వేరే ఆసామి చేలో చెప్పారమ్మా, నీళ్ళు వాసనొస్తన్నాయని. మీకు మినరల్ వాటరు కావాలా అన్నాడు. రెండోరోజు వేరే ఊరి ముఠాని దించాడు. నెలరోజులు మావాళ్ళకి పని లేదు. అందుకని ఈసారి శాంతి ఆలోచించింది. మా దేవుడి పేరు చెబితే మీరు వినరు. నీళ్ళ పేరు చెబితే పని పోద్ది. మీ దేవత పేరు చెబితే కాదనే మగాడు ఈ ఊళ్ళో లేడు. బోరు దగ్గర రాయి కదిలిందని పేరయ్యతో అన్నదీ తనే. పేరయ్య నిజంగానే నమ్మాడు. చర్చిలో పాస్టరుగారికి తెలిస్తే తిడతారని నాకు భయం. 'ప్రభువు అర్థం చేసుకుంటాడులే, ఆసాములకే అర్థం కాదు' అని నవ్వింది. ముప్పయ్యో తారీకు సెలవిచ్చారు చూడండి, ఆ సాయంత్రం పన్నెండుమందికీ టీ పోయించింది."

విన్నావా నాగేంద్రం. పుస్తకాలు లేని పేటలో ఒక ఆడపిల్ల కూర్చుని, ఎవరికి ఏది చెబితే ఏం చేస్తారో లెక్కగట్టి, పన్నెండుమంది ప్రాణాలకి అడ్డం ఒక గోడ కట్టింది. అది మట్టిగోడే, అబద్ధపు గోడే. నువ్వొచ్చి అది మూఢనమ్మకమని పడగొట్టావు. పడగొట్టేముందు, ఈ గోడ ఇక్కడెందుకుందని ఒక్కసారి అడగలేదు. నేను ఆ గడ్డపార మోసుకెళ్ళి అందించాను.

"ఆ మంగళవారం ఇంటినుంచి తలో సీసా తెచ్చుకున్నారమ్మా" అన్నాడు ఇమ్మానియేలు. "పదకొండింటికే అయిపోయాయి. ఆవిడ మేస్త్రి గదా, అందరూ దాహమంటుంటే ముందు నేను తాగి చూస్తానందంట."

స్టేషన్లో ఇదెందుకు చెప్పలేదయ్యా అంటే, "చెప్పానమ్మా. ఆసాములెవరన్నా వచ్చి చెబితే రాసుకుంటాం అన్నారు. వాళ్ళెందుకొస్తారని నేనే ఊరుకున్నా" అన్నాడు.

నిన్న పొద్దున అతని ఆటోలోనే స్టేషన్‌కి పోయాను. పేరయ్యనీ ఎక్కించుకున్నాను. ఎస్సై నాకు కొడుకు వయసువాడు. "అమ్మా, అనవసరంగా మీ మీదికి తెచ్చుకుంటున్నారు. ఇంటికి పోండి, మేం చూసుకుంటాం" అన్నాడు. పోనన్నాను. బల్ల మీద కూర్చున్నాను. మన ఊరి పెద్దమనుషులు ఇద్దరు ఫోన్లు చేశారు, ఎత్తలేదు. సాయంత్రం నాలుగింటికి రాసుకున్నారు. చేను ఎవరిదంటే ఇద్దరి పేర్లూ చెప్పాను. నీ ఉత్తరాలు, కార్డు, అన్నీ ఇచ్చాను. ఇంకోలా అర్థమవుతాయన్నావుగా, వాళ్ళు చదివి ఎలా అర్థమైతే అలా చేసుకుంటారు.

తిరిగొచ్చేటప్పుడూ ఇమ్మానియేలు ఆటోలోనే వచ్చాను. మన వీధి మొగలో దింపాడు. "వస్తానయ్యా" అన్నాను. తల ఊపలేదు. నేను చేసింది అతనికి మేలు కాదు, వాళ్ళింట్లోంచి ఎత్తుకొచ్చిన దాంట్లో కొంచెం తిరిగిచ్చానంతే. దానికి దణ్ణం పెడతాడని నేనూ అనుకోలేదు.

శాంతి ఫోటో పంపమన్నావు. పంపను. ఆమె ముఖచిత్రంగా వద్దు. రాయదలుచుకుంటే నువ్వు చేసింది రాయి, నీ పేరుతోనే రాయి.

పదో తారీకులోపు నీకు స్టేషన్ నుంచి కబురొస్తుందన్నారు. ఈసారి జవాబు నాకు రాయకు. వాళ్ళడుగుతారు. వాళ్ళకే చెప్పు.

కోటిరత్నం